2,890 రూపాయల లైట్‌బాక్స్ కిట్: 120 బొమ్మలు గీశాక

చేత్తో గీసే యానిమేషన్ కోసం కొన్న కిట్ ఇది. డబ్బా విప్పగానే నేను ముందు చేతిలోకి తీసుకున్నది కింద నుంచి వెలుగిచ్చే లైట్‌ప్యాడ్ కాదు, కాగితాన్ని పట్టి ఉంచే పిన్నుల పట్టీ, పెగ్‌బార్. యానిమేషన్ స్టూడియోల్లో ఏడేళ్లు ఇన్‌బిట్‌వీన్ (రెండు బొమ్మల మధ్యవి గీయడం), క్లీనప్ (రఫ్ బొమ్మను శుభ్రంగా మళ్లీ గీయడం) చేసినవాణ్ణి. కాగితం కదలకుండా నిలబడుతుందా లేదా అన్నదే నాకు మొదటి పరీక్ష. మధ్యలో ఒక గుండ్రటి పిన్ను, అటూ ఇటూ పొడుగాటి పలక పిన్నులు రెండు. కొలతలన్నీ పాత పద్ధతివే. కాగితం తొడిగి మూల దగ్గర చూపుడువేలితో మెల్లగా తోశాను. కదిలింది. మహా అయితే అర మిల్లీమీటరు. కొనేవాళ్లలో నూటికి తొంభై మంది దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం అక్కడే గుండె జారింది, ఎందుకో ముందుముందు చెప్తాను.

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఈ కిట్‌లో ఏ4 సైజు ఎల్‌ఈడీ లైట్‌ప్యాడ్, ప్లాస్టిక్ పెగ్‌బార్, మూడు రంధ్రాలు కొట్టిన 100 కాగితాలు, రెండు నీలం పెన్సిళ్లు, ఒక యూఎస్‌బీ వైరు వచ్చాయి. ధర 2,890 రూపాయలు. రామ్‌నగర్‌లో మా ఇంటికి మూడో రోజే చేరింది, ప్యాకింగ్ బాగుంది. ఇలాంటి కిట్లు నాలుగైదు పేర్లతో దొరుకుతున్నాయి. అన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ మాటలు వాటికీ సరిపోతాయి.

కొన్నది మా అక్క కూతురి కోసం. తొమ్మిదో తరగతి, ఉప్పల్‌లో ఉంటుంది. 2025 జనవరిలో 'రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు దాన్ని తీసుకెళ్లాను. జపాన్ వాళ్లూ మనవాళ్లూ కలిసి చేసిన సినిమా అది. యుగో సాకో, రామ్ మోహన్, కోయిచీ ససాకి దర్శకులు. బయటికి వస్తూ మెట్ల మీద ఆగి అడిగింది: "మామా, ఇదంతా చేత్తోనే గీసిన్రా?" అవునన్నాను. "అన్నీనా?" అన్నీ. దానికి నమ్మకం కుదరలేదు. నోటితో చెబితే కుదిరేది కాదని నాకూ తెలుసు. ఆ రాత్రే ఈ కిట్ ఆర్డర్ పెట్టాను.

ఏం గీద్దామంటే ముందు డ్రాగన్ అంది. వద్దు, నువ్వు రోజూ చూసే కదలికే తీసుకో అన్నాను. సంక్రాంతికి మా అమ్మ సకినాలు చుట్టేటప్పుడు అది పక్కనే కూర్చుని ఫోన్లో వీడియో తీసింది. తెల్లటి ధోవతి గుడ్డ మీద అమ్మమ్మ చెయ్యి, వేళ్ల మధ్య నుంచి సన్నగా జారే పిండి, చుట్టు మీద చుట్టు. అదే గీద్దామనుకున్నాం. పది సెకన్లు. ఒక్క చెయ్యి, ఒక్క సకినం. వెనక బ్యాక్‌గ్రౌండ్ కూడా లేదు, ఉత్త తెల్లగుడ్డ.

తెలియనివాళ్ల కోసం లెక్క చెప్తాను. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలబెడితే, అంటే స్టూడియో భాషలో 'టూస్ మీద' చేస్తే, సెకనుకు 12 బొమ్మలు. పది సెకన్లకు 120. ఒక్కోటీ ముందు నీలం పెన్సిల్‌తో రఫ్ గీయాలి, తర్వాత ఇంకో కాగితం మీద క్లీనప్ చేయాలి. అంటే 240 కాగితాలు. పాడైనవి కలుపుకుంటే మాకు 290 అయ్యాయి. కిట్‌తో వచ్చిన వంద రెండో ఆదివారానికే అయిపోయాయి. ప్యాకెట్ 450 రూపాయల చొప్పున మరో రెండు తెప్పించాను.

ఇక లైట్‌ప్యాడ్ సంగతి. వెలుగు ఎక్కడ చూసినా ఒకేలా పరుచుకుని ఉంది, మూలల్లో చీకటి లేదు. పూర్తి వెలుగులో మూడు కాగితాల కిందున్న గీత కూడా స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగోది మసక. కాగితం ఇంకాస్త పల్చగా ఉంటే నాలుగైదు కనపడేవి. పవర్‌బ్యాంకుకు తగిలించుకోవచ్చు కాబట్టి కరెంటు పోయినా పని ఆగదు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఇది వేడెక్కదు. మా రోజుల్లో చెక్క బల్ల మధ్యలో గుండ్రటి డిస్కు, దాని కింద ట్యూబ్‌లైటు ఉండేది. ఏప్రిల్, మే నెలల్లో ఆ వేడికి మణికట్టు చెమట కాగితం మీద దిగి గ్రాఫైట్ అలుక్కుపోయేది. అందరం చెయ్యి కింద కర్చీఫ్ మడిచి పెట్టుకునేవాళ్లం. క్లీనప్ చేసినన్నాళ్లూ నా కర్చీఫ్‌లన్నిటికీ ఒకే మూల నల్లగా ఉండేది. ఈ పిల్ల మూడు గంటలు వరసగా గీసి లేచినా కాగితం పొడిగానే ఉంది. ఇరవై ఏళ్ల కింద ఇలాంటిది మా అందరి బల్లల మీదా ఉండి ఉంటే ఎంత బాగుండేది.

ఆ డిస్కు గుండ్రంగా తిరిగేది. దానికి పని ఉంది. చేతికి అనువైన వంపు ఒక వైపే ఉంటుంది, ఎదురు వంపు గీయాలంటే కాగితాన్నే తిప్పుకోవాలి. ఈ ప్యాడ్‌ను తిప్పితే వైరు అడ్డం వస్తుంది. సకినం అంటేనే వంపులన్నీ. పిల్ల ప్యాడ్‌ను తిప్పడం, వైరు ఊడిపోవడం, లైటు ఆరిపోవడం, మొదటి రోజంతా ఇదే గొడవ. వైరు కాస్త పొడుగ్గా ఇచ్చి, దూర్చే చోటు పై అంచున పెట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఇంకో తప్పు, లైటు వెలిగించే టచ్ బటన్ కింద కుడి మూలలో ఉంది. కుడిచేతివాటం వాళ్ల అరచెయ్యి సరిగ్గా అక్కడే ఆనుతుంది. గీత మధ్యలో టప్పున చీకటైపోతుంది. అట్టముక్క కత్తిరించి దాని మీద టేపుతో అతికించాక కానీ ఆ పీడ వదల్లేదు. దీన్ని తయారుచేసినవాళ్లు దీని మీద ఒక్క గంట బొమ్మ గీసి చూసుకున్నా ఆ బటన్ అక్కడ పెట్టేవారు కాదు.

ఇప్పుడు ఆ అర మిల్లీమీటరు సంగతి.

మొదటి ఇరవై రఫ్‌లు అయ్యాక ఫోను స్టాండుకు బిగించి ఒక్కొక్కటే ఫొటో తీసి లైన్ టెస్ట్ చూశాం, అంటే గీతల్ని వరసగా ఆడించి కదలిక చూశాం. చెయ్యి కదులుతోంది, బాగానే కదులుతోంది, కానీ గుడ్డ అంచు కూడా వణుకుతోంది. కదలకూడని గీత అది. పిల్ల మొహం చిన్నబోయింది, తన చెయ్యే వణికిందనుకుంది. నాకు తెలుసు, చెయ్యి కాదు, పెగ్‌బార్. కాగితం పిన్నుల మీద ప్రతిసారీ కొంచెం అటో ఇటో కూర్చుంటోంది. ఒక్క బొమ్మలో ఆ తేడా కనపడదు. 120 బొమ్మలు వరసగా పరిగెత్తితే మాత్రం, అదొక్కటే కనపడుతుంది. చేత్తో గీసే యానిమేషన్‌లో ఏ చిన్న తప్పయినా బొమ్మల లెక్కన పెరుగుతుంది, అందుకే ఈ పనికి వాడే వస్తువులో చిన్న తప్పును చిన్నదిగా చూడలేను.

అటక మీద ట్రంకుపెట్టె దింపాను. అందులో నా పాత స్టీల్ పెగ్‌బార్ ఉంది, సన్నటి రేకు మీద మూడు పిన్నులు. 2004లో నేను పనిచేసిన స్టూడియో మూతపడ్డ రోజు నాతోపాటు ఇంటికొచ్చిన వస్తువు అదొక్కటే. మూడు నెలల జీతం రాలేదు. ఆ విషయం ఎక్కువ చెప్పను. ఆ రేకును ప్యాడ్ కింది అంచున టేపుతో అతికించి, కిట్‌తో వచ్చిన కాగితమే తొడిగాను. బిగుతుగా కూర్చుంది. కాగితంలో రంధ్రాలు సరిగ్గానే కొట్టారు, దోషమంతా ప్లాస్టిక్ పిన్నులది. ఆ ఇరవై బొమ్మలనూ మొదటి నుంచీ మళ్లీ గీశాం. గుడ్డ అంచు నిలబడింది.

మీ దగ్గర స్టీల్‌ది ఉండదు కదా. విడిగా కొనుక్కోండి, దొరుకుతాయి. లేదంటే పిన్నుల చుట్టూ పల్చటి సెల్లోటేపు ఒక్క చుట్టు వేసి చూడండి. నేను వేసి చూశాను, ముప్పావు వంతు వదులు తగ్గింది. పెగ్‌బార్‌ను కింది అంచునే ఎందుకు అతికించానంటే, ఫ్లిప్ చేయాలి కాబట్టి. ఐదు కాగితాలు వేళ్ల మధ్య ఇరికించుకుని వెనకా ముందూ ఆడిస్తే బొమ్మ కళ్ల ముందే కదులుతుంది. ఆ విద్య నేర్పడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. మొదట కాగితాలు చింపుకుంది. మూడో ఆదివారం మధ్యాహ్నం అన్నం తినమని అమ్మ పిలుస్తుంటే వినపడనంతగా ఫ్లిప్ చేస్తూ కూర్చుంది. ఎడమ చేతి నాలుగు వేళ్ల సందుల్లో నాలుగు కాగితాలు, కుడిచేతిలో పెన్సిలు, కళ్లు సగం మూసి. సరిగ్గా అలాగే కూర్చునేవాళ్లం మేమంతా.

గంటలు లెక్కపెట్టమని దానికొక నోట్‌బుక్ ఇచ్చాను. రఫ్‌లకు 22 గంటలు, క్లీనప్‌కు 38, ఫొటోలు తీసి కొన్నిటికి రంగులు వేసి వరస పెట్టడానికి 11. మొత్తం 71 గంటలు, పది సెకన్లకు. కిట్టూ కాగితాలూ కలిపి 3,790 రూపాయలు అయింది. ఆ డబ్బు ఈ పనిలో ఒక లెక్కలోది కాదు. చేత్తో గీసే సినిమాకు ఖర్చంతా ఆ 71 దగ్గరే ఉంటుంది.

పిల్ల తనే కాలిక్యులేటర్ తీసింది. ఇదే లెక్కన నిమిషానికి 426 గంటలు. ఆ రామాయణం 135 నిమిషాలు. 57,510 గంటలు. ఒక్కరే రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు కూర్చుంటే దాదాపు 24 ఏళ్లు. అదీ బ్యాక్‌గ్రౌండ్ లేకుండా, ఒకే ఒక్క చెయ్యి గీస్తే. అక్కడ వానరసేన ఉంది. ఒక్కో కోతినీ ఎవరో ఒకరు బల్ల ముందు కూర్చుని గీశారు. ఆ సినిమాకు దాదాపు లక్ష సెల్‌లు, అంటే బొమ్మ దించి రంగు వేసే పారదర్శకమైన షీట్లు, చేశారని చెప్తారు. 135 నిమిషాలకు ఫ్రేములు 1,94,400. టూస్ మీద అయితే ఒక్క పొరకే 97,200 బొమ్మలు. ఆ లక్ష అన్న మాట ఉత్త గొప్ప కోసం చెప్పింది కాదని కాలిక్యులేటర్ చూశాక పిల్లకు తెలిసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ ఖర్చు కొత్తదేం కాదు. వాల్ట్ డిస్నీ 1937లో విడుదలైన 'స్నో వైట్' తీసినప్పుడు మొదట వేసుకున్న అంచనా రెండున్నర లక్షల డాలర్లు. పూర్తయ్యేసరికి దాదాపు 15 లక్షలైంది, ఇల్లు తాకట్టు పెట్టాడు. అప్పట్లో క్లీనప్ అయిన బొమ్మను పారదర్శకమైన సెల్ మీద ఇంకుతో మళ్లీ చేత్తో దించేవాళ్లు. ఆ సెల్‌ను తిరగేసి వెనక వైపు రంగులు నింపేవాళ్లు. ఆ విభాగం నిండా ఆడవాళ్లే. వాళ్ల పేర్లు తెరమీద చూసినవాళ్లు తక్కువ. 1961లో వచ్చిన 'వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్' నాటికి జిరాక్స్ పద్ధతితో పెన్సిల్ గీతను నేరుగా సెల్ మీదికి ఎక్కించడం మొదలైంది. ఇంకుతో దించే పని తగ్గింది. ఇవాళ మేం ఫోన్లో ఫొటో తీసి రంగు నింపేశాం, సెల్లూ లేదు, ఇంకూ లేదు. కానీ ఆ 120 బొమ్మలు మాత్రం తగ్గలేదు. ఏ యంత్రం వచ్చినా బొమ్మ తరవాతే వచ్చింది, బొమ్మకు ముందు కూర్చునే మనిషి అలాగే ఉన్నాడు.

ఆ మనిషి గంట ఎక్కడ చవకో అక్కడికే పని వెళ్లింది. అమెరికా టీవీ కార్టూన్లు జపాన్‌కు, కొరియాకు, తైవాన్‌కు, ఫిలిప్పీన్స్‌కు, చివరకు మన దగ్గరికీ వచ్చాయి. కీ బొమ్మలు, అంటే కదలికలో ముఖ్యమైన బొమ్మలు, కట్టలు కట్టలుగా వచ్చేవి, మూలలో చిన్న చార్ట్, నిలువు గీత మీద అడ్డంగా చిన్న చిన్న గీతలు. ఏ రెండు బొమ్మల మధ్య ఎన్ని రావాలో, ఎక్కడ దగ్గరగా రావాలో అందులో ఉండేది. హైదరాబాద్‌లో కూర్చుని మేం ఆ మధ్యవి నింపేవాళ్లం. నేను చేరినప్పుడు జీతం నెలకు 3,500. రోజుకు పాతిక బొమ్మలు ఇవ్వాలి. తప్పు పడితే వెనక్కి వచ్చేవి, అవి లెక్కలోకి రావు. ఎవరో ఎక్కడో టీవీలో చూసి నవ్వుకునే ఒక కుక్కపిల్ల తోక మూడు రోజులు నా బల్ల మీద ఉండేది. ఆ పని మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. ఆ పనికి కట్టిన ధర మాత్రం న్యాయమైనది కాదు. ఇప్పుడు ఎవరైనా చేత్తో గీసిన నిమిషం యాడ్ కావాలని, అదీ వారంలో కావాలని అడిగితే, ముందు ఈ కిట్ కొని రెండు సెకన్లు గీసి చూడమని చెప్తాను. రేటు మాట ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

మిగతా చిన్న విషయాలు. నీలం పెన్సిళ్లు మెత్తగా ఉన్నాయి, ముక్కు తొందరగా విరుగుతుంది, రబ్బరుతో పూర్తిగా చెరగవు. పక్కన పడేసి కోఠీలో వేరేవి తీసుకున్నాను. వెలుగు తక్కువలో పెట్టి ప్యాడ్ మీదే ఫొటో తీస్తే నల్లటి చారలు పడుతున్నాయి. ఫొటో తీసేటప్పుడు ప్యాడ్ ఆపేసి పైనుంచి టేబుల్ ల్యాంపు వేసుకోండి. ప్యాడ్ ఉపరితలం గీతలు పడే రకం, కాగితం లేకుండా దాని మీద స్కేలు పెట్టి బ్లేడుతో కోయొద్దు.

చిన్నపిల్లలకైతే ఈ కిట్ అవసరమే లేదు. జిరాక్స్ కాగితాలకు ఆఫీసు పంచింగ్ మిషన్‌తో రెండు రంధ్రాలు కొట్టి, అట్ట మీద రెండు బిరడాలు గుచ్చి, కిటికీ అద్దానికి ఆనించి పగటి వెలుతురులో గీయించండి. బంతి ఎగిరి పడటం నేర్చుకోవడానికి అది చాలు. పదమూడు, పద్నాలుగేళ్లు దాటి, నిజంగా పట్టుబట్టి కూర్చునేవాళ్లు ఉంటే కొనండి. నేను ఐదుకు మూడున్నర ఇస్తాను. ఒకటి పెగ్‌బార్‌కు, అర ఆ టచ్ బటన్‌కు తీసేశాను. లైటు మాత్రం నూటికి నూరు.

మొన్న ఆదివారం పది సెకన్లూ పూర్తయ్యాయి. టీవీకి ఫోను కలిపి అమ్మను పిలిచాం. అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడే చూసింది. మళ్లీ వెయ్యమంది. మూడోసారి చూసి, పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"మంచిగున్నది బిడ్డా. కానీ గట్ల కాదు. బొటనేలుతోని పిండిని మెలి పెట్టాలె. నీ బొమ్మల ఏళ్లు ఊకె నడుస్తున్నయ్, పిండి తిరుగుతలేదు."

అమ్మ గాల్లోనే చేసి చూపించింది. బొటనవేలు వెనక్కి జారుతుంటే చూపుడువేలు ముందుకు వస్తోంది. నిజమే. వీడియోలో అది ఉంది, మేమిద్దరం పదిసార్లు చూసీ పట్టుకోలేదు. పిల్ల కట్ట విప్పి ఫ్లిప్ చేసింది. తప్పు 43 నుంచి 58 దాకా ఉంది. పదహారు బొమ్మలు, రఫ్ ఒకసారి, క్లీనప్ ఒకసారి. మా నోట్‌బుక్ లెక్కన ఎనిమిది గంటలు. ఈసారికి వదిలేద్దామా అని అడిగాను.

"వద్దు మామా. అమ్మమ్మకు తెలిసిపోయింది కదా."

మిగిలినవి పది కాగితాలే. ఇంకో ప్యాకెట్ ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుందట. అది అప్పటికే అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి ఇట్లనే పట్టుకో అని చెప్పి, 43వ నంబరు కాగితాన్ని పెగ్‌బార్ మీద తొడుగుతోంది.